తీర్పు సరైనదే, తీర్పరి నడవడి సరికాదు. అప్పుడు ఆ తీర్పును ఏం చేయాలి?

గంటస్తంభం_విజయనగరం
లా మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం మా కాలేజీలో జరిగే మూట్ కోర్టుకు (విద్యార్థులు న్యాయవాదుల్లా వాదించే నమూనా కోర్టు పోటీకి) అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద నడిపిన గుత్తాధిపత్యం కేసు అప్పీలును అంశంగా ఇచ్చారు. రెండు రోజులుగా చదువుతున్నా ఒక్క ముడి మాత్రం విడటం లేదు. 1998 మే 18న వేసిన ఆ దావాను విచారించిన జిల్లా న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్, కంపెనీ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చి, 2000 జూన్ 7న దానిని రెండు కంపెనీలుగా విడగొట్టమని ఆదేశించారు. ఆ ఆదేశం వెలువడిన తరువాత అసలు సంగతి బయటపడింది. కేసు తన ముందు నడుస్తుండగానే ఆయన కొందరు విలేకరులతో రహస్యంగా మాట్లాడారు. తుది తీర్పు వచ్చేదాకా ప్రచురించకూడదన్న షరతు మీద, కంపెనీ గురించీ దాని పెద్దల గురించీ మనసులో మాట చెప్పేశారు. 2001 జూన్ 28న వాషింగ్టన్ అప్పీలు కోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆయనను కేసు నుంచి తప్పించి, విభజన ఉత్తర్వును రద్దు చేశారు.

నాకు మింగుడుపడనిది ఇక్కడే ఉంది. అదే ఏడుగురు, అదే న్యాయమూర్తి రాసిన వాస్తవ నిర్ధారణలను (సాక్ష్యం చూసి ఏం జరిగిందో తేల్చిన భాగాన్ని) మాత్రం అలాగే ఉంచి, వాటి ఆధారంగానే కంపెనీ తన గుత్తాధిపత్యాన్ని అక్రమంగా కాపాడుకున్నదని ధ్రువీకరించారు. పాలకుండలో బల్లి పడిందని ఒప్పుకొని, పైమీగడ తీసేసి కింది పాలు తాగవచ్చని చెప్పినట్టుగా ఉంది. మనిషి పనికిరాడన్నప్పుడు ఆయన రాసినది ఎలా పనికి వస్తుంది?

నాగావళి_గట్టు
శ్రీకాకుళం కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పోలిక బాగుంది బాబూ, కానీ బల్లి పాలలో పడిందా, కుండ మూత మీద పాకిందా అన్నది ముందు తేల్చుకోవాలి. అప్పీలు కోర్టు సరిగ్గా ఆ తేడానే చూసింది. న్యాయమూర్తి మనసులో నిజంగా పక్షపాతం ఉన్నదనడానికి రికార్డులో ఆధారం లేదని చెప్పింది. చూసేవారికి పక్షపాతం ఉన్నట్టు కనిపించేలా ఆయన నడుచుకున్నారనీ, అది పొరపాటున ఒకసారి జరిగినది కాదు, తెలిసి పదే పదే చేసినదనీ కూడా చెప్పింది. అందుకే అనర్హతను మొదటినుంచీ కాక, విభజన ఉత్తర్వు విధించిన దశ నుంచి మాత్రమే వర్తింపజేసింది.

మరొక సంగతి నీ వాదనకు పనికివస్తుంది. ఆ విచారణ డెబ్బై ఆరు రోజులు బహిరంగ న్యాయస్థానంలో జరిగింది. కంపెనీ సొంత ఈమెయిళ్లే సాక్ష్యంగా వచ్చాయి. ఆ నిర్ధారణలు రికార్డుకు స్పష్టంగా విరుద్ధమని కంపెనీ కూడా నిలబడి వాదించలేదు. విభజన ఉత్తర్వు సంగతి వేరు. దాని మీద ప్రత్యేకంగా సాక్ష్య విచారణ జరపలేదు, తగిన కారణాలు రాయలేదు, పైగా కింది కోర్టు తేల్చిన తప్పుల్లో కొన్ని అప్పీలులో నిలబడలేదు. అంటే ఇంటర్వ్యూల గొడవ లేకపోయినా ఆ ఉత్తర్వు నిలిచేది కాదు.

రాజాం_సిమెంటు_కొట్టు
విలేకరులతో ఆయన అన్న మాటలేమిటో ఎవరైనా చెప్పగలరా? మాట బరువు తెలియకుండా తప్పు బరువు తెలియదు.

గంటస్తంభం_విజయనగరం
రాజాం అన్నయ్యా, అప్పీలు తీర్పులోనే కొన్ని ఎత్తి రాశారు. బిల్ గేట్స్‌కు తన గురించీ తన కంపెనీ గురించీ నెపోలియన్‌కు ఉండే లాంటి భావన ఉందన్నారు. కంపెనీ పెద్దలు తాము ఏ తప్పూ చేయలేదని పట్టుబట్టడాన్ని, తాను అంతకుముందు విచారించిన మాదకద్రవ్యాల ముఠా సభ్యుల ధోరణితో పోల్చారు. విభజన ఎందుకని అడిగితే కంచరగాడిదను దారికి తెచ్చేవాడి కథ చెప్పారు. వాడు ముందు దుంగతో గాడిద నెత్తిన ఒక్కటి వేస్తాడు. ఎందుకు కొట్టావంటే, ముందు దాని దృష్టి ఇటు తిప్పుకోవాలి కదా అంటాడు. వాస్తవ నిర్ధారణలు వెలువరించింది 1999 నవంబరు 5న కాగా, ఈ సంభాషణలు అంతకుముందు సెప్టెంబరు నుంచే సాగుతున్నాయి.

పలాస_జీడిపిక్క
ఆ గాడిద కథ ఒక్కటే చాలు. శిక్ష ఎందుకు వేస్తున్నామో తీర్పులో రాయాలి గాని, విలేకరికి కథగా చెప్పకూడదు.

బొబ్బిలి_వీణ
నేను ఒప్పుకోను. డెబ్బై ఆరు రోజులు సాక్ష్యం విన్నవాడికి ఒక అభిప్రాయం కలగకపోతే అది ఆశ్చర్యం. సాక్షి బోనులో కూర్చొని తప్పించుకునే సమాధానాలు చెబుతుంటే న్యాయమూర్తికి ఆ మనిషి మీద నమ్మకం పోవడం పక్షపాతం కాదు, అదే ఆయన చేయవలసిన పని. జాక్సన్ చేసిన తప్పల్లా లోపల ఉన్నదాన్ని బయటికి చెప్పడం. లోపల ఉంచుకొని నోరు కట్టుకున్నవారు నిష్పాక్షికులు, నోరు తెరిచినవాడు పక్షపాతి అయితే, చట్టం మౌనానికి బహుమానం ఇస్తున్నట్టే కదా?

పాత_బెంచ్_క్లర్కు
వీణ గారి ప్రశ్నకు చట్టం పుస్తకాల నుంచి జవాబు చెప్పేంత చదువు నాకు లేదు. ముప్పై మూడు సంవత్సరాలు జిల్లాలోని కోర్టుల్లో బెంచి కింద కూర్చొని పనిచేశాను. చూసినది ఒకటి చెబుతాను. ఊరి పేరు, మిల్లు పేరు రాయను.

ఒక మిల్లుకూ దాని కార్మికులకూ మధ్య దావా మా కోర్టులో వాదనల దశకు వచ్చింది. రథసప్తమి ముందురోజు సాయంత్రం మిల్లు మనిషి ఒకరు వచ్చి, అరసవల్లిలో దొరగారి (మా న్యాయమూర్తి గారి) కుటుంబానికి ప్రత్యేక దర్శనం ఏర్పాటు చేశామంటూ ఒక కవరును న్యాయమూర్తి వెంట ఉండే బంట్రోతు, మా డఫేదారు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. డఫేదారు అమాయకుడు, అందరూ ఇచ్చేదే కదా అనుకొని తెచ్చి బల్ల మీద పెట్టాడు. దొరగారు కవరు విప్పలేదు, ముట్టుకోలేదు కూడా. స్కేలుతో పక్కకు జరిపి, రేపు సెలవు కనుక ఎల్లుండి బెంచి మీదికి తీసుకురమ్మని నాకు చెప్పారు. రథసప్తమి నాడు ఆయన భార్యాపిల్లలతో తెల్లవారుజామున మామూలు క్యూలో నిలబడటం మా అటెండరు చూశాడు.

మరునాడు కేసు పిలవగానే, ఇరుపక్షాల వకీళ్లు లేచి నిలబడిన తరువాత, కవరును అందరికీ కనిపించేలా ఎత్తి చూపమన్నారు. ఇది ఎవరి నుంచి, ఎప్పుడు, ఎవరి చేతికి వచ్చిందో చెప్పి, విప్పకుండానే మిల్లు వకీలుకు తిరిగి ఇప్పించారు. తరువాత కార్మికుల వకీలు వైపు తిరిగి, ఈ కేసు నేను వినడం మీకు అభ్యంతరమైతే ఇప్పుడే చెప్పండి, జిల్లా జడ్జి గారికి రాసి వేరే కోర్టుకు పంపిస్తాను అన్నారు. ఆయన అభ్యంతరం లేదన్నారు. మూడు వారాల తరువాత వచ్చిన తీర్పు మిల్లుకే అనుకూలం. వరండాలో వందమంది కార్మికులు ఉన్నారు. వారిలో ఒక్కరు కూడా దొరగారు అమ్ముడుపోయారన్న మాట అనలేదు. అప్పీలు వేసుకుంటాం అని మాత్రం అన్నారు.

తోటపల్లి_కాలువ
క్లర్కు గారు చెప్పినదానికి ఎదురుగా నా సొంత కేసు ఉంది. మా నాన్నగారి భూమి సరిహద్దు దావా తొమ్మిదేళ్లు నడిచింది. వాదనలు ముగిసిన రోజు మధ్యాహ్నం, అవతలి వకీలు ఒక్కరే న్యాయమూర్తి ఛాంబరులోకి వెళ్లి పావుగంట తరువాత బయటికి రావడం మేము వరండాలో బెంచీ మీద కూర్చొని చూశాం. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. వేరే కేసు గురించే అయి ఉండవచ్చు. పది రోజులకు మేము ఓడిపోయాం. తరువాత మా సీనియర్ గారు కాగితాలన్నీ చదివి, సర్వే నంబరు మనకు అనుకూలంగా లేదు, ఎవరు విన్నా ఇదే తీర్పు వచ్చేదని ఓపికగా చెప్పారు. నాకు నమ్మకం కలిగింది. నాన్నగారికి మాత్రం చనిపోయేదాకా కలగలేదు. మంచం మీద ఉన్నప్పుడు కూడా ఆ పావుగంట గురించే అడిగేవారు.

పలాస_జీడిపిక్క
కాలువ గారూ, చదివి మనసు బరువెక్కింది. వీణ గారికి జవాబు ఈ రెండు కేసుల్లోనే ఉందని నాకు అనిపిస్తోంది. ఒకచోట ఓడినవారు నమ్మారు, మరొకచోట సరైన తీర్పు వచ్చినా నమ్మలేకపోయారు.

నాగావళి_గట్టు
మన సుప్రీంకోర్టు 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో చెప్పినదీ ఇదే. నేను పక్షపాతం చూపుతున్నానా అని న్యాయమూర్తి తన మనసును తాను అడుగుకుంటే సరిపోదు, ఎదురుగా నిలబడిన కక్షిదారు మనసులో ఏముందో చూడాలన్నది. ఇంకా వెనక్కి వెళితే 1957లో మానక్‌లాల్ కేసు ఉంది. ఒక న్యాయవాది నడవడి మీద విచారణకు వేసిన కమిటీ అధ్యక్షుడు, అంతకుముందు అవతలి పక్షం తరఫున వాదించినవాడే. పక్షపాతం ఉందని రుజువు చేయనక్కరలేదు, ఉండవచ్చునన్న సహేతుకమైన భయం చాలునని కోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా ఆ న్యాయవాది ఓడిపోయాడు, ఎందుకంటే సంగతి ముందే తెలిసి కూడా అభ్యంతరం చెప్పకుండా విచారణ సాగనిచ్చాడు. కాలువ గారి నాన్నగారి వకీలు ఆ మధ్యాహ్నమే ఒక మెమో వేసి, జిల్లా కోర్టులో ట్రాన్స్‌ఫర్ ఓ.పీ. (కేసును వేరే కోర్టుకు మార్చమనే అర్జీ) దాఖలు చేసి ఉండవలసింది. జూనియర్లకు ఎప్పుడూ చెబుతుంటాను, అనుమానం వచ్చిన రోజే కాగితం మీద పెట్టండి, ఓడిన తరువాత పెడితే ఎవరూ వినరని.

బొబ్బిలి_వీణ
కాలువ గారి నాన్నగారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా వాదనలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఒంటరిగా ఒక పక్షంతోనో, విలేకరితోనో మూసిన తలుపు వెనుక మాట్లాడటం తప్పే, ఎందుకంటే అవతలివాడికి జవాబు చెప్పే అవకాశం అక్కడ ఉండదు. అభిప్రాయం ఉండటం తప్పన్న మాటను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. దాన్ని తీర్పులో రాయాలి, రాసినదాన్ని పైకోర్టు పరీక్షించాలి.

గంటస్తంభం_విజయనగరం
వీణ గారూ, మన న్యాయమూర్తుల నియమాలు కూడా సరిగ్గా ఆ గీతే గీశాయి. 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి ఆమోదించిన న్యాయజీవిత విలువల ప్రకటనలో పదహారు అంశాలున్నాయి. న్యాయమూర్తి తన తీర్పుల ద్వారానే మాట్లాడాలి, పత్రికలకు ఇంటర్వ్యూలు ఇవ్వకూడదు అన్నది వాటిలో ఒకటి. తనకు వాటాలున్న కంపెనీ కేసును, ఆ సంగతి వెల్లడించి, ఎవరికీ అభ్యంతరం లేదని తేలితే తప్ప వినకూడదన్నది మరొకటి.

ఇంకో విషయం కూడా కనిపించింది. అదే మైక్రోసాఫ్ట్ మీద అంతకుముందు నడిచిన వ్యవహారంలో, 1995లో స్టాన్లీ స్పోర్కిన్ అనే న్యాయమూర్తి రాజీ ఒప్పందాన్ని ఆమోదించడానికి నిరాకరించారు. రికార్డులో లేని ఒక పుస్తకం చదివి, దానిలోని సంగతుల మీద వకీళ్లను ప్రశ్నించారు. అప్పీలు కోర్టు ఆయన ఉత్తర్వును కొట్టివేసి ఆయననూ కేసు నుంచి తప్పించింది. ఆ స్థానంలోకి వచ్చినది జాక్సనే.

రాజాం_సిమెంటు_కొట్టు
అమెరికా కేసు దాకా వెళ్లారు గాని, నేను రోజూ అమ్మే సరుకు కేసే మన దేశంలో ఇలా నడిచింది. పదిహేడేళ్లుగా కొట్టు నడుపుతున్నాను. ధర పెరిగేటప్పుడు ఒక కంపెనీ పెంచిందని ఉదయం ఫోను వస్తే, మిగతావి కూడా పెంచాయని సాయంత్రానికి తెలిసేది. ఇల్లు కట్టుకునే మేస్త్రీకి నేను జవాబు చెప్పుకోవలసి వచ్చేది. కంపెనీలు కూడబలుక్కుని ధరలు పెంచాయని బిల్డర్ల సంఘం ఫిర్యాదు చేస్తే, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2012 జూన్ 20న సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ రోజు పేపరు కత్తిరించి కొట్టులో గోడకు అంటించాను.

2015 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును రద్దు చేసింది. కారణం తెలుసుకున్నప్పుడు నాకు కోపం ఆగలేదు. వాదనలు విన్న రోజుల్లో కమిషన్ ఛైర్మన్ అక్కడ లేరట, కానీ తుది ఉత్తర్వు మీద సంతకం చేశారట. కంపెనీలు తప్పు చేయలేదని కాదు, విననివాడు సంతకం పెట్టాడని ఉత్తర్వు పోయింది. మళ్లీ మొదటినుంచి విని 2016 ఆగస్టు 31న సుమారు 6,700 కోట్ల జరిమానా వేశారు. 2018 జూలైలో ఎన్‌సీఎల్‌ఏటీ (పాత ట్రిబ్యునల్ స్థానంలో ఈ అప్పీళ్లు వినే జాతీయ కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్) దాన్ని సమర్థించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఒక్క సంతకం మూలంగా నాలుగేళ్లు గాలికి పోయాయి. ఆ నాలుగేళ్లలో బస్తా కొన్నవాడికి ఎవరు జవాబు చెబుతారు?

పలాస_జీడిపిక్క
నాలుగేళ్లంటే మా ఊళ్లో ఒక జీడి ఫ్యాక్టరీ తెరిచి మూసేయడానికి సరిపోయే కాలం.

గంటస్తంభం_విజయనగరం
రాజాం అన్నయ్య చెప్పిన సూత్రం మన ఆంధ్రా బస్సుల కేసులోనూ ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులను ఆపి ఆ రూట్లను ఆర్టీసీకి ఇచ్చే పథకం మీద అభ్యంతరాలను రవాణా శాఖ కార్యదర్శి విన్నారు, ఉత్తర్వు మాత్రం ముఖ్యమంత్రి ఇచ్చారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా 1959 సంపుటాల్లో కనిపించే తీర్పులో, ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే విచారణ అన్న మాటకు అర్థమే లేదని సుప్రీంకోర్టు చెప్పింది. సిమెంటు కేసు దానికి అర్ధశతాబ్దానికి పైగా తరువాతది. ఇంత పాత పాఠం కమిషన్‌కు తెలియకుండా ఎలా ఉంటుంది?

నాగావళి_గట్టు
తెలియక కాదు బాబూ, సభ్యులు మారుతూ ఉండే సంస్థల్లో ఇది పాత జబ్బు. ఒక వాయిదాకు నలుగురు కూర్చుంటారు, తరువాతి వాయిదాకు ఐదుగురు, ఉత్తర్వు నాటికి ఒకరు పదవీ విరమణ చేస్తారు. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు మహీంద్రా ఎలక్ట్రిక్ కేసులో దీన్ని గట్టిగా పట్టించుకుంది. తుది వాదనలు విన్నవారే ఉత్తర్వు రాయాలని నిర్దేశించింది. ఓట్లు సమానమైతే ఛైర్మన్‌కు అదనపు ఓటు ఇచ్చే నిబంధనను కొట్టివేసింది.

రాజాం గారి కోపం నాకు అర్థమవుతుంది, కానీ కోపం ట్రిబ్యునల్ మీద కాదు, ఆ సంతకం మీద ఉండాలి. ఆ లోపాన్ని 2015లో వదిలేసి ఉంటే, సుప్రీంకోర్టులో కంపెనీల మొదటి వాదన అదే అయ్యేది, అప్పుడు పోయే కాలం ఇంకా ఎక్కువ ఉండేది.

రాజాం_సిమెంటు_కొట్టు
అది ఒప్పుకుంటాను. జరిమానా చివరికి వసూలైతే కొనుగోలుదారుకు ఏమైనా వస్తుందా?

నాగావళి_గట్టు
జరిమానా భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు పోతుంది. కొన్నవాడికి రాదు. నష్టపోయినవాడు పోటీ చట్టం 53ఎన్ సెక్షన్ కింద అప్పీలు ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. తప్పు జరిగిందన్న నిర్ణయం నిలబడితేనే ఆ దరఖాస్తుకు కాళ్లుంటాయి. న్యాయమూర్తి నడవడిలో లోపం ఉంటే మొదట నష్టపోయేది ఈ చివరి మనిషే. జాక్సన్ విషయంలోనూ అంతే అయింది. కేసు కొలీన్ కొల్లార్-కొటెల్లీ అనే మరో న్యాయమూర్తికి వెళ్లింది, 2001 నవంబరులో ప్రభుత్వం కంపెనీతో రాజీ పడింది, విభజన ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కంపెనీకి గుణపాఠం చెప్పాలనుకున్న మనిషే ఆ గుణపాఠాన్ని బలహీనపరిచాడు.

బొబ్బిలి_వీణ
ఇంతసేపూ న్యాయమూర్తి తప్పు గురించే మాట్లాడాం. న్యాయమూర్తి మీద ఒత్తిడి వస్తే? 2025 ఆగస్టులో ఎన్‌సీఎల్‌ఏటీ చెన్నై బెంచిలో ఒక దివాలా అప్పీలు వింటున్న సభ్యుడు, ఉన్నత న్యాయవ్యవస్థకు చెందిన ఒకరు ఒక పక్షానికి అనుకూలంగా ఉత్తర్వు ఇవ్వమని తనను సంప్రదించారని ఉత్తర్వులోనే రాసి కేసు నుంచి తప్పుకున్నారు. పోటీ చట్టం అప్పీళ్లు వినేదీ 2017 మే నుంచి ఇదే ట్రిబ్యునల్. సిమెంటు కేసంత పెద్ద అప్పీలులో ఇటువంటి ఒత్తిడి వచ్చి, అందుకున్నవారు చెప్పకపోతే మనకు ఎలా తెలుస్తుంది? తప్పుకోవడం గౌరవమే, కాని సంప్రదించినవారి సంగతి తేలాలి కదా.

తోటపల్లి_కాలువ
వీణ గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయినా ఆ సభ్యుడు దాన్ని ఉత్తర్వులో రాశారు. మా నాన్నగారి కేసులో ఆ పావుగంట గురించి ఒక్క ముక్క ఎక్కడైనా రాసి ఉంటే, అది ఏ సంగతైనా సరే, ఆయన నిద్రపోయేవారు.

గంటస్తంభం_విజయనగరం
నా వాదన మారింది. అప్పీలుదారు తరఫున మొత్తం తీర్పు కొట్టివేయమని అడగాలనుకున్నాను. ఇప్పుడు బహిరంగంగా జరిగిన విచారణ రికార్డు ఒక ఎత్తు, మూసిన తలుపు వెనుక మొదలైన నడవడి మరొక ఎత్తు అని విడదీసి, విభజన ఉత్తర్వు దాకానే దాడి చేస్తాను. సెప్టెంబరు నుంచే ఇంటర్వ్యూలు సాగుతున్నప్పుడు నవంబరు నిర్ధారణలను ఎలా వేరు చేస్తావని జడ్జీలు అడిగితే మాత్రం ఇంకా గట్టి జవాబు దొరకలేదు.

క్లర్కు గారిని ఒక్కటి అడగాలి. ఆ కవరు సంగతి కోర్టు హాలులో చెప్పడమేనా, రికార్డులోకి ఎక్కిందా?

పాత_బెంచ్_క్లర్కు
ఎక్కింది బాబూ. డాకెట్ షీటులో (కేసులో ఏ రోజు ఏం జరిగిందో రాసే కాగితంలో) ఆ రోజు వాయిదా కింద నా చేతనే రాయించారు. ఫలానా తేదీన సాయంత్రం ఒక కవరు డఫేదారుకు అందినది, విప్పకుండా ప్రతివాది వకీలుకు బహిరంగ న్యాయస్థానంలో తిరిగి ఇవ్వబడినది, విచారణ కొనసాగించుటకు ఉభయపక్షములకు అభ్యంతరము లేదు. కింద ఇద్దరు వకీళ్ల చేత సంతకాలు పెట్టించి, తరువాత దొరగారు తమ సంతకం పెట్టారు. మిల్లు వకీలు సంతకం చేసేటప్పుడు కలం సిరా అయిపోతే నా కలమే ఇచ్చాను.